రెండు పర్యాయములు దెబ్బతిన్న చమురు ఓడ

శామీర్‌పేట చెఱువుగట్టుపై సాయంకాలమున నిలువబడిన పిల్లలు పెద్దలను తప్పక యడుగు ప్రశ్న యొకటి కలదు: "సముద్రము దీనికంటె ఎంత పెద్దగ ఉంటది?" అందులకు కన్నులార చూచి యుత్తరము చెప్పగల తల్లులు మా ప్రాంతమున పూర్వము మిక్కిలి యరుదు. మేడ్చలు, శామీర్‌పేటలనుండి సముద్రతీరము సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. నిజాము పాలించిన హైదరాబాదు రాజ్యమునకు సముద్రపుటొడ్డు అంగుళమైనను లేకుండెను. అట్టి నేలపై పుట్టి పెరిగి, ఓడను బొమ్మలో తప్ప చూడని మా నాయనమ్మ ప్రతి రాత్రియు ఓడలను తలచుకొనుచుండెడిదనిన వినువారికి వింతగా నుండవచ్చును.

మేడ్చలులోని మా యింటికి విద్యుద్దీపములు వచ్చిన పిమ్మటకూడ ఆమె గదిలో కందిలి యొకటి కొక్కెమునకు వ్రేలాడుచుండెడిది. దీపములాగిపోయిన రాత్రి దానిని దించి వెలిగించెడివారము. పుస్తకము చదువుకొనుటకై మాలో నెవరైనను వత్తిని పెద్దది చేసిన, ఆమె చీకటిలోనుండి చేయి చాచి దానిని తగ్గించెడిది. "ఓడలు మునుగుతున్నయంట బిడ్డా, వత్తి జర తగ్గియ్యుండ్రి" అనెడిది. అప్పటికి యుద్ధము ముగిసి ముప్పదియేండ్లు గడచినవి. మునుగుచున్న యోడ లెక్కడివి? మేము నవ్వుకొనెడివారము. గ్యాసునూనె కొఱకు సీసా పట్టుకొని కొట్టుముందు గంటలకొలది నిలుచున్న దినములలో ఎవరో చెప్పగా విన్న మాట యది. ఎవరి యోడలో, ఏ సముద్రమున మునిగినవో ఆమె యెఱుగదు. మేమును ఎఱుగము.

ఆమె పోయిన చాలకాలమునకు ఆ యోడలను గూర్చి తెలిసికొనవలెనను కోరిక మాకు కలిగెను. వెదకగా దొరకిన వానిలో నొక చమురు ఓడ కథ మా మనస్సున నిలిచిపోయెను. దానిని మా సోదరీమణులకు విన్నవించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

దీపములోని నూనె యెక్కడిది?

నాటి పల్లెయిండ్లలో దీపమనిన ఎక్కబుడ్డియో, కందిలియో. అందు పోయు నూనెను కోస్తా జిల్లాలవారు కిరసనాయిలనియు, మా తెలంగాణమువారు గ్యాసునూనె యనియు పిలిచెడివారు. అది మన నేలలో పుట్టినది కాదు. అస్సాములోని డిగ్బోయి, పంజాబులోని అటకు ప్రాంతము తప్ప ఆనాటి భారతదేశమున చెప్పుకొనదగిన చమురుబావులు లేవు; ఆ రెండును దేశమునకు చాలవు. మన కిరసనాయిలులో పెద్ద భాగము బర్మానుండి వచ్చెడిది. ఐరావతీనదీ తీరమున యేనాంజాంగ్ అను చోట బావులనుండి తీసిన ముడిచమురు గొట్టములగుండ రంగూను చేరువనున్న సిరియమునకు ప్రవహించి, అచట శుద్ధియై, ఓడలనెక్కి మన రేవులకు చేరెడిది. అదే రంగూనులో మన తెలుగువారు వేలకొలది రేవుపనులలోను, బియ్యపు మరలలోను చెమటోడ్చుచుండిరి. వారిని బర్మావారు కోరంగివారని పిలిచిరి.

1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమయ్యెను. శత్రువుచేతికి చిక్కరాదని ఆంగ్లేయులే సిరియము కర్మాగారమును అంతకు ముందటి దినమున ధ్వంసము చేసిరి. ఏప్రిలు నడుమ యేనాంజాంగ్ బావులకును అదే గతి పట్టినది. మన దీపములకు నూనెనిచ్చిన బావి నెలన్నరలో నింకిపోయెను. రంగూను తెలుగువారు పిల్లలను చంకనెత్తుకొని అడవులవెంట కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. త్రోవలో రాలిపోయినవారు లెక్కకు మిక్కిలి. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు వేసెను. ఆ దినములలోనే బంగాళాఖాతమున జపాను యుద్ధనౌకలు ఇరువదికి మించిన వర్తకపుటోడలను ముంచివైచినవి.

తూర్పు మూతపడగా మిగిలినది పడమటి దారి. పారశీక అఖాతపు కొనయందు అబాదాను అను చోట 1912 నుండి నడచుచున్న గొప్ప చమురు శుద్ధికర్మాగారము కలదు. హిందూ మహాసముద్రముపై తిరుగు సేనలకును, మన దేశమునకును ఇక అదియే ఆధారమయ్యెను. అచటి చమురు మొదట యుద్ధనౌకలకు, విమానములకు, సైనికుల లారీలకు పోవలెను, మిగిలినది ప్రజలకు. తెలుగునాట బస్సులు వెనుక కొలిమిని తగిలించుకొని బొగ్గువాయువుతో నడచినవి. గృహిణులు కిరసనాయిలును ఔషధమువలె కొలిచి వాడిరి. కొట్టుముందఱ మా నాయనమ్మ చెవిని పడిన మాట యిట్లు పుట్టినది.

ఇచట నొక ముచ్చట చెప్పవలెను. సముద్రములేని హైదరాబాదు ప్రభువు పేరును మోసిన యుద్ధనౌక యొకటి ఆ కాలమున ఇదే మహాసముద్రముపై తిరిగినది. అది ఆస్ట్రేలియా నౌకాదళమునకు చెందిన "నిజాము" అను నౌక. గట్టు దాటని మనకును కడలికిని నడుమ నున్న బంధములు ఇట్టివి పెక్కులు.

చమురు ఓడ యెట్లుండును?

చమురు ఓడ యనిన పెద్ద పీపాయి నీటిపై తేలుచున్నట్లు కొందఱు తలతురు. అది సరికాదు. దానిని మన పోపులపెట్టెతో పోల్చవచ్చును. ఓడ కడుపునంతయు ఇనుపగోడలతో అరలరలుగా విభజింతురు. ఇందుకు కారణము నీళ్లు మోసిన ప్రతి స్త్రీకి తెలిసినదే. నిండుకుండ తొణకదు, వెలితిబిందె అడుగడుగునకు తొణకి మోయువారిని ఊపివేయును. ఒకే తొట్టిలో వేల టన్నుల చమురు అటునిటు పొరలినచో ఓడ ప్రక్కకు ఒరిగిపోవును. అరలుండుటచే ఆ పొరలుట తగ్గును. ఒక అరకు చిల్లుపడినను తక్కినవి ఓడను కొంతతడవు నిలబెట్టును. మంటకు దూరముగా నుండుటకై యంత్రములను వెనుకభాగమున నమర్తురు.

నిండిన యోడకంటె ఖాళీయోడయే ఒక్కొక్కప్పుడు ఎక్కువ ప్రమాదకరము. చమురు దించివేసిన అరలలో దాని ఆవిరి గాలితో కలసి నిలిచియుండును, నిప్పురవ్వ చాలును. నిండిన యోడకు దెబ్బ తగిలినచో చమురు నీటిపై పరచుకొని మండును. అప్పుడు నావికుడు ఓడపై నున్నను మంటయే, సముద్రములోనికి దుమికినను మంటయే. చమురు ఓడలపై పనిచేయువారు ఇది యెఱిగియే ప్రయాణము చేయుచుండిరి.

శత్రువునకు అన్ని యోడలకంటె చమురు ఓడపై కన్నెక్కువ. ధాన్యపుటోడ మునిగిన కొందఱు పస్తుందురు. చమురు ఓడ మునిగిన ఒక నౌకాదళమే కదలక నిలిచిపోవును. 1943 జనవరిలో ట్రినిడాడు ద్వీపమునుండి జిబ్రాల్టరునకు బయలుదేరిన తొమ్మిది చమురు ఓడలలో ఏడింటిని జర్మను జలాంతర్గాములు అట్లాంటికు మహాసముద్రమున ముంచివేసినవి. గమ్యము చేరినవి రెండే.

నీటిక్రింది శత్రువు

జలాంతర్గామిని చూడగోరు సోదరీమణులు విశాఖపట్టణపు కడలియొడ్డున ఇసుకపై నిలిపిన "కురుసుర"ను చూడవచ్చును. 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002నుండి అది ప్రదర్శనశాలగా నున్నది. ఇఱుకైన నడవలు, ఒకదానిపై నొకటిగా పడకలు, మన ఇంటి అలమరయంత వంటగది. అందు డెబ్బదిమందికి పైగా దినములకొలది బ్రదికిరనిన నమ్మశక్యము కాదు.

ఓడ గోడలోని తొట్లలోనికి నీటిని వదలిన అది మునుగును. గాలితో ఆ నీటిని వెడలగొట్టిన తేలును. నీటిక్రింద బ్యాటరీలతో నడచును. పొడవైన గొట్టములోని అద్దములద్వారా నీటిపై దృశ్యమును చూచును. దాని ఆయుధము టార్పిడో. అనగా తనంతట తాను నీటిలో పరుగిడు గొట్టపు బాంబు. అది ఓడను నీటిమట్టమునకు దిగువ తాకును. గాయము కంటికి కనబడక మునుపే సముద్రము లోనికి వచ్చును. చూడనివానిని చూడనివాడు చంపుట ఈ యుద్ధమునందలి విశేషము. చంపబూనినవారికిని ఇది క్షేమకరము కాదు. 1971 డిసెంబరులో విశాఖపట్టణపు తీరముదగ్గఱ పాకిస్తాను జలాంతర్గామి "గాజీ" మునిగిపోగా అందలివారిలో నొక్కరును బ్రదుకలేదు.

మొదటి దెబ్బ

ఇక మా కథలోని యోడకు వత్తము. దాని పేరు "బ్రిటిష్ లాయల్టీ". 1928లో ఇంగ్లండున పామర్సు కంపెనీవారు నిర్మించిరి. సుమారు 7,000 టన్నుల యోడ. అబాదాను చమురును లోకమునకు చేర్చు బ్రిటిష్ ట్యాంకరు కంపెనీవారిది. అది ఫిరంగులకై పుట్టిన యోడ కాదు. చమురు నింపుకొనుట, రేవు చేరి దించుట, మఱల వెళ్లుట, ఇదే దాని బ్రదుకు.

1942 మే నెలలో ఆంగ్లసేనలు మడగాస్కరు ద్వీపపు ఉత్తరపుకొన నున్న డియగో స్వారెజ్ రేవును పట్టుకొనెను. ఆ రేవు జపానువారి చేతిలో పడినచో ఆఫ్రికాను చుట్టి భారతదేశమునకు వచ్చు ఓడలదారి తెగిపోవునని వారి భయము. రేవు మిక్కిలి విశాలమైనది. లోనికి వచ్చు ద్వారము మాత్రము ఇఱుకు. రామిలీస్ అను గొప్ప యుద్ధనౌకయు, బ్రిటిష్ లాయల్టీయు ఆ నెల చివర అచట లంగరు వేసియుండెను.

మే 29వ తేదీ రాత్రి ఎవరిదో తెలియని చిన్న విమానము రేవుపై తిరిగిపోయెను. అది జపాను జలాంతర్గామి యొకటి తన వీపుపై మోసికొనివచ్చి ఎగురవేసిన విమానము. యుద్ధనౌకలోనివారికి అనుమానము కలిగి చోటు మార్చుకొనిరి. అయినను ఫలము లేకపోయెను. మఱునాటి రాత్రి సముద్రమున నిలిచిన రెండు పెద్ద జలాంతర్గాములు తమ వీపులపైనుండి రెండు బుల్లి జలాంతర్గాములను నీటిలో విడిచినవి. ఒక్కొక్కదాని పొడవు సుమారు 24 మీటర్లు, లోపల ఇద్దఱే మనుష్యులు, రెండే టార్పిడోలు.

వానిలో నొకటి ఇఱుకుద్వారము దాటి చీకటిలో రేవులోనికి దూరెను. రాత్రి ఎనిమిదిన్నర కావచ్చినప్పుడు మొదటి టార్పిడో రామిలీసును తాకెను. రేవంతయు కలవరపడెను. రక్షకనౌకలు నీటిలోనికి బాంబులు వేయుచు వెదకసాగెను. సుమారు గంటకు రెండవ టార్పిడో వచ్చి బ్రిటిష్ లాయల్టీకి తగిలెను. చమురు ఓడ అచటనే మునిగిపోయెను. నావికులు కొందఱు చనిపోయిరి.

రామిలీసు గాయముతోనే తేలియుండి, బాగుపడి, 1944లో నార్మండీతీరమున మఱల పోరాడెను. దానిని గూర్చి గ్రంథములు వ్రాసిరి. దానిప్రక్క మునిగిన చమురు ఓడ పేరు ఆ గ్రంథములలో ఒక పంక్తియో, అరపంక్తియో. పెద్దింటి పెండ్లిలో ఏనుగుకు పట్టాభిషేకము, నీళ్లు మోసినవానికి మఱపు.

దెబ్బ తీసినవారి సంగతియు చెప్పవలెను. ఆ బుల్లి జలాంతర్గామిలోని అకియేదా, తకెమోతో అను నిద్దఱు జపానువారు తిరిగి వెళ్లలేక, దానిని ఒడ్డున విడిచి, మడగాస్కరు పల్లెలవెంట కాలినడకన పోయి తమవారిని కలసికొనజూచిరి. ఒక పల్లెలో ఆహారము కొన్నప్పుడు వారి జాడ బయటపడెను. జూను 2వ తేదీన ఆంగ్లసైనికులతో పోరాడి మరణించిరి. రెండవ బుల్లి జలాంతర్గామి మఱల కనబడలేదు. జపానువారి పెద్ద జలాంతర్గాములు ఆపై మడగాస్కరునకును ఆఫ్రికాకును నడుమ జలసంధిలో కాచియుండి, ఇరువదికి పైబడిన వర్తకపుటోడలను ముంచినవి.

రెండవ దెబ్బ

బ్రిటిష్ లాయల్టీ కథ డియగో స్వారెజున ముగియలేదు. చమురు ఓడలు నాడు బంగారముకంటె ప్రియము. రేవులో లోతు తక్కువగుటచే దానిని పైకి తేల్చిరి, చిల్లులు పూడ్చిరి. మునుపటివలె దూరప్రయాణములకు పనికిరాకపోయినను చమురు నిలువచేయు గిడ్డంగిగా నుపయోగించునని తలచి, మాలదీవుల దక్షిణపుకొన నున్న అడ్డూ దీవులకు చేర్చిరి. పాతదై కారని కాగును పెరటిలో గోలెముగా వాడుకొను గృహిణి పొదుపు వంటిదే ఇదియు.

అడ్డూ ఒక పగడపుదీవుల వలయము. నడుమ ప్రశాంతమైన మడుగు, చుట్టును గాజులవలె దీవులు, దీవుల నడుమ సన్నని దారులు. ఆంగ్లేయులు 1941నుండి అచట రహస్యముగా నౌకాస్థావరము నేర్పఱచుకొనిరి. పత్రములలోకూడ ఆ పేరు వ్రాయక "టీ రేవు" అని సంకేతముగా వాడిరి. టార్పిడోలు లోనికి రాకుండ దారులకు ఇనుపవలలు కట్టిరి. అంత భద్రమైన చోట, ఒకసారి చచ్చి బ్రదికిన యోడ లంగరు వేసికొని నిలిచెను.

1944 మార్చి 9వ తేదీన జర్మనులకు చెందిన యూ-183 అను జలాంతర్గామి ఆ దీవుల వెలుపల చేరెను. మలయాలోని పెనాంగు రేవునుండి బయలుదేరి వచ్చినది. అది మడుగులోనికి రాలేదు, రానక్కఱలేకపోయెను. వలలలో నొక చోట సందు మిగిలియుండెను. వెలుపలి సముద్రమునుండియే ఆ సందునకు గుఱిచూచి టార్పిడోను వదలిరి. అది దీవుల నడుమనుండి లోనికి దూసికొనిపోయి మఱల బ్రిటిష్ లాయల్టీనే తాకెను. ఇంటికి నాలుగు తలుపులు వేసి, ఒక కిటికీ గడియ మఱచినట్లయ్యెను.

ఈసారి ఓడ కోలుకొనలేదు. యుద్ధము ముగియువఱకు గాయములతో నటులనే పడియుండెను. 1946 జనవరి 5వ తేదీన సొంతవారే దానిని అచట ముంచివేసిరి. నేటికిని అడ్డూ మడుగులో సుమారు 30 మీటర్ల లోతున ఒక ప్రక్కకు ఒరిగి యున్నది. పగడములు దానిపై నల్లుకొన్నవి. చేపలు దాని అరలలో కాపురమున్నవి. ఈతగాండ్రు వేడుకగా దిగి చూచివత్తురు. దానిని కొట్టిన యూ-183 గతి యేమనిన, 1945 ఏప్రిలు 23న జావా సముద్రమున అమెరికా జలాంతర్గామి బెసూగో చేత దెబ్బతిని మునిగెను. ఒకేయొక్కడు బ్రదికెను. వేటాడినది వేటకు గురియయ్యెను.

పేరులేనివారు

ఈ కథ చదివినప్పుడు మాకు ఓడకంటె దానిలో నున్నవారిపై మనస్సు పోయినది. వర్తకపుటోడలపై పనిచేయువారు సైనికులు కారు. వారు ఇంటికి పైకము పంపుటకై బొగ్గు చిమ్మినవారు, యంత్రములకు నూనె వేసినవారు, వంట వండినవారు. ఆనాటి ఆంగ్లేయుల వర్తకనౌకలపై మన దేశీయులు వేలకొలది యుండిరి. వారిని లష్కరులనెడివారు. తెల్లనావికునికంటె వారి జీతము చాల తక్కువ. టార్పిడో మాత్రము జీతము చూచి తాకలేదు. సాధారణముగా వారి పని ఓడ అడుగున, యంత్రముల చెంత. నీరు మొదట చేరునది అచటికే.

ఆ యుద్ధమున మరణించిన మన నావికులలో ఆరువేలకు పైబడినవారి పేర్లు ముంబయిలోను, చిట్టగాంగులోను స్మారకగ్రంథములలో వ్రాయబడియున్నవి. అందు నౌకాదళమువారు కొలదిమందియే. మిక్కిలి భాగము వర్తకపుటోడలవారు. శిలపై చెక్కిన పేర్లను దారినపోవువారు చదువుదురు. గ్రంథములో వ్రాసినవానిని అడిగినవారే చదువుదురు. అడుగువారెందఱు?

ప్రయాణికులకును తప్పలేదు. 1942 నవంబరు 23వ తేదీన బొంబాయినుండి తూర్పు, దక్షిణాఫ్రికాలకు పోవుచున్న "తిలావా" అను ఓడను జపాను జలాంతర్గామి దెబ్బతీసెను. అందు తొమ్మిదివందలకు పైగా జనము. అనేకులు ఆఫ్రికాలోని భర్తలను, తండ్రులను చేరబోవు స్త్రీలును, పిల్లలును. మొదటి దెబ్బకు ఓడ మునుగలేదు. ఇక భయములేదనుకొని కొందఱు మరల ఓడనెక్కిరి. అప్పుడు రెండవ టార్పిడో వచ్చెను. 280 మంది జలసమాధి యైరి. ఆ యోడతో మునిగిన వెండిని ఇటీవల సముద్రగర్భమునుండి తీసి, అది యెవరిదని న్యాయస్థానములలో ఏండ్లకొలది వాదించుకొనిరి. మునిగిన తల్లులు ఎవరివారని వాదించినవారు లేరు.

నేటి మన పొయ్యిలు

ఇవి గడచిన కథలని పుస్తకము మూయవచ్చునా? మూయరాదని మా మనవి. నేడు మేడ్చలు ఇండ్లలో కందిలి లేదు, పొయ్యిక్రింద కట్టె లేదు. వంటగ్యాసు బండ యున్నది. దానిని నింపు కర్మాగారములు మన జిల్లాలోని చర్లపల్లియందే కలవు. కాని ఆ బండలోని వాయువు చర్లపల్లిలో పుట్టలేదు. మన దేశము వాడు వంటగ్యాసులో సగమునకు మించి విదేశములనుండి, అందును మిక్కిలిభాగము నాటి అబాదానున్న ఆ పారశీక అఖాతపు ప్రాంతమునుండియే ఓడలపై వచ్చుచున్నది. విశాఖపట్టణమున 1957లో స్థాపింపబడిన చమురు శుద్ధికర్మాగారమునకు ముడిచమురును ఓడలే తెచ్చును. అచట శుద్ధియైన పెట్రోలు, డీసెలు విజయవాడమీదుగా గొట్టముగుండ సికిందరాబాదు ప్రాంతమునకు ప్రవహించును. చెఱువుగట్టుపై నిలిచి సముద్రమెక్కడనున్నదని అడుగు పిల్లలకు, "మన వంటింటి గోడకవతల" నని చెప్పినను తప్పుకాదు.

ఆ యోడలపై నేడును ప్రమాదము పోలేదు. 2024 జనవరి 26వ తేదీన, మనము గణతంత్రదినము జరుపుకొనుచున్న నాడు, ఏడెను అఖాతమున "మార్లిన్ లువాండా" అను చమురు ఓడను యెమెను దేశపు హౌతీల క్షిపణి తాకి మంటలు లేచినవి. అందున్న నావికులలో 22 మంది భారతీయులు, ఒకడు బంగ్లాదేశీయుడు. ఆదుకొమ్మను కేక విని ముందుకు వచ్చిన నౌకలలో మన నౌకాదళపు నౌక యొకటి. దాని పేరు "విశాఖపట్టణము". ఆ నౌకలోని పదిమంది మండుచున్న యోడపైకెక్కి, ఓడవారితో కలసి గంటలకొలది పోరాడి మంట నార్పిరి. ఎనుబదియేండ్లక్రింద బాంబులు తిన్న తెలుగు పట్టణపు పేరు, పరాయి యోడలోని మన బిడ్డలను కాచినదని చదివిన నాడు మా కన్నులు చెమర్చినవి.

మా నాయనమ్మ చదువుకొన్నది కాదు. బ్రిటిష్ లాయల్టీ పేరు ఆమె వినలేదు. మడగాస్కరు, మాలదీవులు ఎక్కడనున్నవో ఆమె యెఱుగదు. కాని తన గదిలో వెలుగుచున్న నూనెచుక్క ఎవరో కన్నబిడ్డ ప్రాణముమీదికి తెచ్చికొని మోసినదని యామెకు తెలియును. ఆ తెలివియే ఆమె చేతిని వత్తివైపు చాపినది. మేము దానిని పిసినారితనమని యెంచితిమి. ముసలితనపు చాదస్తమని నవ్వితిమి. నిజమునకు అది ఎన్నడును చూడని వారిపట్ల ఆమె చూపిన మర్యాద.

కందిలి నేడును మా యింట నున్నది. అద్దమునకు చిన్న బీట తప్ప చెడలేదు. ఇటీవల నొకనాటి రాత్రి పాలు కాచి, గ్యాసుపొయ్యి మంట ఊరకయే వెలుగుచుండుట చూచి, మా యింటి చిన్నది పరుగెత్తివచ్చి దానిని తగ్గించినది. "ఎందుకమ్మా?" అని యడిగితిమి. "ఓడలు మునుగుతయని తాతమ్మ అనేదట కదా" అన్నది. ఈసారి మాలో నెవరును నవ్వలేదు.